నిన్నటి చేతికి చేసిన గిటార్

మా మామగారు పోయారు. ఇంతకంటే మర్యాదగా రాయవచ్చు గానీ, ఆయన మర్యాదగా పోలేదు. పని సగంలో వదిలేసి, చెవి మీద పెన్సిల్ అలాగే ఉంచుకుని, మధ్యాహ్నం కునుకు తీస్తూ పోయారు. నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్న మా ఆయన ఫోన్ చేసి, "నాన్న లేవట్లేదు" అన్నాడు. "గట్టిగా పిలు, ఆయనకి వినపడదు కదా" అని నేను కసురుకున్నాను. అతను మళ్ళీ అదే మాట, ఈసారి మెల్లగా అన్నాడు. అప్పుడు అర్థమైంది.

ఆయన్ని పొగడటానికి ఇది రాయడం లేదు. పొగడ్తలు ఆయనకి ఇష్టం లేక కాదు, మహా ఇష్టం. కానీ ఆ పని ఆయనే చేసుకునేవారు, మా వంతు మిగిల్చేవారు కాదు. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా వైపు ఉండే తెలుగువాళ్ళకి ఆయన గుర్తుండే ఉంటారు. పార్కులో ఎవరు కనపడినా ఆపి, "ఈ బెంచీ ఎవడు సేసినాడో గానీ, వంకర" అని చెప్పి పంపే పెద్దాయన. విశాఖలో ఒక ఫౌండ్రీలో, ప్యాటర్న్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఇనుముతో ఏదైనా పోత పోయాలంటే ముందు దాని నమూనాను చెక్కతో చేసి, ఇసుకలో అదిమి అచ్చు తీస్తారు. ఆ చెక్క నమూనాలు చేయడం ఆయన పని. ఫౌండ్రీ మోతలో చెవులు చాలావరకు పోయాయి. మా అత్తగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు.

ప్రభుత్వ ఉద్యోగం నాది, క్వార్టర్ నా పేరు మీద ఉంది. అయినా ఆయన వచ్చిన కొన్నాళ్ళకే బాల్కనీ ఆయనదైపోయింది. మా బట్టల స్టాండు పడగ్గదిలోకి వచ్చింది. రంపం, ఉలి, చిత్రిక, ఆకురాళ్ళు నా తులసి కుండీ చుట్టూ చేరాయి. టీవీ ఊరందరికీ వినిపించేంత పెద్దగా పెట్టుకుని, దానికి వీపు తిప్పి బాల్కనీలో చెక్క గీస్తూ కూర్చునేవారు. దోసెల పిండిలో పొట్టు పడిందని నేను గోల చేస్తే, "పీచు పదార్థం మంచిదేనమ్మా, డాక్టర్లే సెప్తున్నారు" అన్నారు. ఆ పిండి పారబోసి, ఆ పూట ఉప్మా చేశాను. ఉప్మా ఆయనకి నచ్చదు. అందుకే చేశాను.

నేను బేస్ గిటార్ వాయిస్తాను. చుట్టాలకి ఈ మాట చెబితే "అంటే గిటారేగా" అంటారు. గిటారే, కానీ నాలుగు లావుపాటి తీగలు, లోతైన శబ్దం. పాట నడుస్తున్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఆగితే మాత్రం పాట బోసిపోతుంది. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు నేర్చుకున్నాను. అప్పుడు నాతో కలిసి పాడిన స్నేహితురాలు, ఇప్పుడు ఢిల్లీలోనే ఉద్యోగం చేస్తోంది. మా దగ్గర్లోనే మునిర్కాలో ఒక ఇంటి సెల్లార్ అద్దెకు తీసుకుని, ఆదివారాలు నలుగురం అక్కడ చేరేవాళ్ళం. వారమంతా ఫైళ్ళు, ఇల్లు, మెట్రో. ఆ కాసేపు మాత్రం నా సొంతం.

ఒక వానాకాలం స్కూటీ జారి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ, ఉంగరం వేలు, చిటికెన వేలు సగం దాకా ముడుచుకుని ఆగిపోయేవి. "వాడుతూ ఉంటే రావచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు డాక్టరు. పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చారు. అది మంచం కిందకి దొర్లిపోయింది, నేను తీయలేదు. నా పాత బేస్ పొడవు ఎక్కువ, చేత్తో పట్టుకునే నెక్ లావు. ఆ వేళ్ళతో దాన్ని ఒక్క పాట వాయించలేకపోయాను. దాన్ని తెలిసినవాళ్ళకి ఇచ్చేసి, అడిగినవాళ్ళందరికీ "పర్లేదు, వయసు కూడా వచ్చింది కదా" అని చెప్పాను. పర్లేదు కాదు. వంటింట్లో ఎక్కడైనా పాట వినపడితే గబుక్కున కుళాయి తిప్పేదాన్ని, నీళ్ళ చప్పుడుకి అది వినపడకుండా.

చెయ్యి విరిగిందని తప్ప మామగారికి ఇవేవీ తెలియవు. ఆయన గమనించిందల్లా బీరువా పక్కన ఉండే పొడుగాటి నల్ల పెట్టె లేకపోవడం. "అదేటయ్యిందమ్మా?" అని అడిగారు. చెప్పాను. నా ఎడమ చెయ్యి తీసుకుని, సంతలో వంకాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈ సేతికి సరిపడా ఒకటి సేసేద్దాం."

"మీరు గిటార్ ఎప్పుడైనా చేశారా మావయ్యగారూ?"

"ఓడ పంకాకి నమూనా సేసినోడ్ని. ఇదేటి, నాలుగు తీగలేసిన తెడ్డు. దసరాకి అయిపోద్ది."

ఏ దసరాకి అని నేను అడగలేదు. అది నా తెలివితక్కువ.

చెక్క కోసం కీర్తినగర్ కలప మార్కెట్‌కి తీసుకెళ్ళమన్నారు. హిందీ ఒక్క ముక్క రాదు, రావాలన్న కోరికా లేదు. దుకాణంలో ఒక్కో పలకనీ వేలి కణుపుతో కొట్టి, బొటనవేలు నాలుకకి తడి చేసుకుని చెక్క మీద రుద్ది చూస్తున్నారు. దుకాణం అతను భరించి భరించి, "అరే అంకుల్ జీ, లకడీ హై, ఆమ్ కా అచార్ నహీఁ" అన్నాడు. ఇది చెక్క, మామిడికాయ పచ్చడి కాదు అని. మామగారు నా వైపు తిరిగి, "ఏటంటాడు?" అన్నారు. "మంచి చెక్క అంటున్నారు" అన్నాను. "అబద్ధం. పచ్చిది. ఆరలేదు అని సెప్పు." అది ఎలా చెప్పను? "బహుత్ అచ్ఛా హై భయ్యా, ఫిర్ ఆయేంగే" అని, బాగుందనీ మళ్ళీ వస్తామనీ చెప్పి ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. అలా మార్కెట్ సగం తిరిగాం. చివరికి చెక్క దొరికింది మా వీధి చివరే. పాత క్వార్టర్లు కూలుస్తుంటే పాత సామాన్లు కొనే కబాడీ అతను పోగేసిన టేకు ద్వారబంధాలు. "ఎన్ని ఎండలు, ఎన్ని వానలు సూసిందో, ఇంకిది కదల్దు" అని మురిసిపోయి, రెండు భుజాన వేసుకుని వచ్చారు. సెలవు రోజున మండుటెండలో నేను చూసిన కీర్తినగర్ మాట మాత్రం ఎత్తలేదు.

కొన్నాళ్ళకి గిటార్ ఒక ఆకారానికి వచ్చింది. పొట్టి నెక్, చిన్న ఒళ్ళు. నెక్ మీద అడ్డంగా బిగించే ఇత్తడి మెట్ల దూరాలన్నీ ఆయన స్కేలు పెట్టి గీశారు. తీగలు కింద ఆనే బ్రిడ్జి ఎక్కడ రావాలో నన్ను కొలవమంటే, కుట్టుమిషన్ టేపుతో కొలిచి పెట్టాను. తీగలు బిగించి వాయిస్తే మొదట బాగానే ఉంది. పైమెట్లకి వెళ్ళేకొద్దీ శ్రుతి పైకి జారిపోతోంది. మళ్ళీ మళ్ళీ చూశాం. మా ఆయన ఫోన్‌లో లెక్కలన్నీ సరిచూశాడు. లెక్క సరిగ్గానే ఉంది. గిటారే తప్పు.

చివరికి విసిగిపోయి ఆయన స్కేలు పక్కన నా టేపు పరిచాను. ఆయన అడుగు నా అడుగు కంటే పొడుగ్గా ఉంది!

కరిగిన ఇనుము అచ్చులో చల్లారితే కాస్త కుదించుకుపోతుందట. అందుకని చెక్క నమూనాని ఆ మేరకు పెద్దదిగా చేయాలి. ప్రతిసారీ లెక్క కట్టే పని లేకుండా, ప్యాటర్న్ షాపుల్లో అంగుళాలే కాస్త సాగదీసి గీసిన స్కేళ్ళు వాడతారు. ఆయన ఉద్యోగమంతా ఆ స్కేలుతోనే నడిచింది. రిటైరయ్యాక కూడా ఇంట్లో స్టూలు, షెల్ఫు, ఆఖరికి నేను టేపుతో కొలిచి చెప్పిన పోపులపెట్టె మూత కూడా దాంతోనే కొలిచి చేశారు. ఆ మూత ఎందుకు పట్టదో నాకు ఆ రోజు తెలిసింది.

"మావయ్యగారూ, ఇది చల్లారే ఇనుము కాదు. చెక్క. ఇదెక్కడా కుదించుకుపోదు. మీ స్కేలు తప్పు."

"నా స్కేలు తప్పు కాదమ్మా. నీ టేపు పొట్టి."

"లోకంలో అందరి టేపూ పొట్టేనా?"

"అది నాకెలా తెలుస్తాది? ఆ బ్రిడ్జి రవ్వంత యెనక్కి జరుపు. అన్నీ నా కొలతలోకే వచ్చేస్తాయి."

జరిపాం. శ్రుతి చక్కగా కుదిరింది. తప్పు ఆయనది, గెలుపూ ఆయనదే. పాత బ్రిడ్జి బిగించిన కన్నాలు చూపించి వచ్చినవాళ్ళందరికీ, "అది మా కోడలు కొలిచింది" అని చెప్పేవారు. కోపంతో నేను ఒక పూట ఆయనతో మాట్లాడలేదు. ఆయనకి అది తెలియలేదు, ఎందుకంటే నేను మాట్లాడినా ఆయనకి సగమే వినపడేది.

శ్రుతి కుదిరింది కదా, ఇక ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. ఇంకా చెక్క విశ్రాంతి తీసుకోవాలట. వానలు పోనీ అన్నారు. వానలు పోయాక చలి సూద్దాం అన్నారు. అవతల మునిర్కాలో నా చోటులోకి ఇంకొకరిని తీసుకున్నారు. నా స్నేహితురాలు ఇంటికి వచ్చి, నొచ్చుకుంటూ నొచ్చుకుంటూ చెప్పింది. ఆమె వెళ్ళాక బాల్కనీలోకి వెళ్ళి అరిచాను. ఆయనకి వినపడేలా అరవాలంటే అరవక తప్పదు కూడా. "మీ వల్ల నా చోటు పోయింది. ఒక్క గిటార్ ఇంతకాలమా?" ఆయన చిత్రిక పక్కన పెట్టి, "తీసేసిన సెక్క మళ్ళీ మొలవదమ్మా" అన్నారు. ఆ మాట ఆయన దేనికైనా వాడేవారు. జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినా మంగలికి అదే చెప్పేవారు, తెలుగులోనే.

ఆ చలికాలం నుంచి ఒక కొత్త హింస మొదలైంది. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే, "సెయ్యి" అనేవారు. ఎడమ అరచేతికీ వేళ్ళకీ నీలం సుద్ద పూసేవారు. తీగలు విప్పేసిన నెక్‌ను ఆ చేత్తో గట్టిగా పట్టుకుని, వాయిస్తున్నట్టే కింది నుంచి పైదాకా జరపాలి. ఎక్కడ రంగు అంటితే అక్కడ చెయ్యి నొక్కుకుంటోందన్నమాట. ఆ మరక ఉన్నచోట ఒక పొర గీకేవారు. మళ్ళీ సుద్ద. మళ్ళీ పట్టు. పొయ్యి మీద పప్పు మాడినా సరే, ఆయన చాలనే దాకా వదలకూడదు. "ఇంకా గట్టిగా. పిల్లిని పట్టుకున్నట్టేటి, దొంగని పట్టుకున్నట్టు పట్టు." నీలం చేత్తోనే ఉల్లిపాయలు తరిగేదాన్ని. ఆఫీసులో సంతకం పెడితే కాగితాలకి నీలం అంటేది. ఫోన్‌కి, దిండుకి, మా ఆయన చొక్కాకి, అన్నిటికీ నీలమే. ఫౌండ్రీలో పెద్ద యంత్రాల భాగాలు ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టడానికి అలాగే చేసేవారట. నేను యంత్రం భాగాన్ని కానని ఆయనకి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, ఎప్పటిలాగే పట్టుకుని వదిలాను. ఆయన నెక్‌ను కిటికీ వెలుతురుకి తిప్పి చూశారు. మొహం చిట్లించారు.

"ఈ మరకేటి? నిన్న లేదు కదా?"

మొదట నాకూ అర్థం కాలేదు. మిగతా మరకలకి అవతలగా, అంచు మీద, బఠాణీ గింజంత నీలం చుక్క. చెయ్యి మళ్ళీ అక్కడ పెట్టి చూశాను. అది నా చిటికెన వేలి కొస. పడినప్పటి నుంచి దేన్నీ ముట్టని వేలు, పూర్తిగా ముడుచుకుని చెక్కని తాకింది.

నేను నేల మీద కూలబడి ఏడ్చేశాను. అది సంతోషం. అంత సంతోషం నాకు అంతకుముందు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు. మామగారు మాత్రం చికాకు పడిపోతున్నారు. ఆ వేలు ఇక రాదన్న లెక్కతో, ఆ వైపంతా ఆయన పల్చగా గీకేశారు మరి.

"ఇది నిన్నటి సెయ్యి కాదు. సెయ్యి రోజుకోలాగుంటే నాను దేనికని సెయ్యాల? కుదురుగా ఉండదేటి నీ సెయ్యి?"

"మావయ్యగారూ, వేలు వచ్చింది! చూడండి, వేలు!"

"సూస్తున్నాను కదా. అందుకే సెప్తున్నాను. ఈ నెక్ పోయింది."

"పోలేదు. ఇదే చాలు. దీనితోనే వాయిస్తాను. తీగలు వేసి ఇచ్చేయండి, ఈ ఆదివారమే వెళ్తాను."

"ఒద్దు. అది దెబ్బ తిన్న సేతికి సేసినాను. ఇప్పుడది నీది కాదు."

అని, నా కళ్ళముందే మరలు ఊడదీసి నెక్ వేరు చేసి, మిగిలిన రెండో ద్వారబంధం తెచ్చుకుని పెన్సిల్ చెవి మీంచి తీశారు. మళ్ళీ మొదటి నుంచి. ఒక మనిషి మీద అంత ప్రేమా అంత కోపమూ ఒకేసారి రావడం నాకు అదే మొదలు. ఆ రోజు పప్పు మాడింది. ముగ్గురం మాడిన పప్పే తిన్నాం.

రెండో నెక్‌కి ఆయన తొందర పడ్డారు. ఎప్పుడూ తొందర పడని మనిషి ఎందుకు తొందర పడుతున్నారని మేము ఆలోచించలేదు. మెట్లు వేసి, తీగలు బిగించి, వెనక గీకుడు మిగిలి ఉండగానే నాకు ఇచ్చి, "వాయించు, ఎక్కడ పడతాదో సూద్దాం" అన్నారు. చిన్న స్పీకర్‌కి తగిలించి వాయించాను. స్క్రూడ్రైవర్ మొన గిటార్ ఒంటికి ఆనించి, దాని పిడిని చెవి వెనక ఎముకకి పెట్టుకున్నారు. యంత్రం లోపల బేరింగు ఎలా ఉందో ఫౌండ్రీలో అలాగే వినేవారట. కాసేపటికి స్క్రూడ్రైవర్ తీసేశారు. అది లేకుండానే తల ఊపుతున్నారు. పైస్థాయి శబ్దాలన్నీ పోయిన చెవులకి ఈ లోతు శబ్దం ఒక్కటీ అందుతోంది. మా పెళ్ళైనప్పటి నుంచి నేను చెప్పిన మాటల్లో సగం ఆయనకి చేరలేదు. ఇది మాత్రం మొత్తం చేరింది.

"ఎలా ఉంది మావయ్యగారూ?"

"సెక్క బాగుంది" అన్నారు. నా వాయింపు గురించి ఒక్క ముక్క లేదు. ఆయన్ని నేను క్షమించలేదు.

కింది నుంచి గీక్కుంటూ వచ్చి, నెక్ ఒంటితో కలిసే చోటికి చేరాక ఆయన పోయారు.

కర్మలన్నీ అయిపోయి, విశాఖ చుట్టాలు రైలెక్కాక ఇల్లు భరించలేనంత నిశ్శబ్దంగా ఉంది. టీవీ ఎంత సౌండుతో చూడాలో మాకు తెలియలేదు. అప్పుడు నా స్నేహితురాలు ఫోన్ చేసింది. నా బదులు వాయించేవాళ్ళు బెంగళూరు వెళ్ళిపోయారట. "నీ చోటు ఖాళీగానే ఉందే. ఈ ఆదివారం రాగలవా? లేకపోతే ఎప్పుడైనా రా" అంది. వస్తానన్నాను.

బాల్కనీలోకి వెళ్ళి గిటార్ ఒళ్ళో పెట్టుకున్నాను. కింది మెట్ల దగ్గర నెక్ ఎంత నునుపంటే, చెయ్యి ఉన్నట్టే తెలియదు. పైకి వెళ్తే ఒక్కసారిగా మొద్దు చెక్క, ఉలి గాట్లు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా చెయ్యి ఆగిపోతోంది, పేడు గుచ్చుకుంటోంది. ఇంకో వారం పని మిగిలి ఉండగా, ఆ మధ్యాహ్నం పడుకోమని ఎవరు చెప్పారాయనకి? ఆయన పోయాక నేను సరిగ్గా ఏడ్చింది అప్పుడే, ఆ కోపంతోనే.

మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. గాట్ల మీద వేలు పెట్టి చూశాడు.

"అలాగే ఉంచేయవే. నాన్న చేతి గుర్తు."

"ఇలా ఉంచితే మీ నాన్న ఊరుకుంటారా? పని సగంలో వదిలేసిన దద్దమ్మ ఎవరని అడుగుతారు."

అతను నవ్వాడు. నవ్వుతూనే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

శనివారం పొద్దున్నే పాత పేపర్లు పరుచుకుని కూర్చున్నాను. చిత్రిక పట్టడం నాకు రాదు. గాజు పెంకుతో ఒక్కో పొరా గీకడం మాత్రం ఆయన చేస్తుంటే చూశాను. ఎడమ చేత్తో నెక్ పట్టుకున్నాను. ఐదు వేళ్ళూ ముడుచుకున్నాయి. కుడి చేత్తో గీకడం మొదలుపెట్టాను. వంకరగానే వస్తోంది, ఆయన చూస్తే తలబాదుకునేవారు. పరిచిన పేపర్ మీద ఆగకుండా పొట్టు గాలికి కమ్మీల సందుల్లోంచి కిందికి పోతోంది.

కింది అంతస్తులో పంజాబీ ఆంటీ ఉంటారు. ఆవిడ దండెం సరిగ్గా మా బాల్కనీ కింద. ఉతికిన బట్టల మీద పొట్టు పడుతోందని ఆవిడ హిందీలో అరిచేది. పలకరిస్తోందనుకుని ఆయన కిందికి వంగి, "ఆ ఆ, బాగానే ఉన్నానమ్మా" అని తెలుగులో అరిచేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ యుద్ధం సాగింది. ఆవిడ దండెం మీంచి ఒక్క రుమాలు కూడా జరపలేదు, ఆయన ఒక్కసారి కూడా గీకడం ఆపలేదు.

"అంకుల్ జీ! ఫిర్ సే? మేరే సారే కపడే..."

మళ్ళీ నా బట్టల మీదేనా అన్న ఆ అరుపు మధ్యలో ఆగిపోయింది.

నేను లేచి కమ్మీల మీంచి వంగి, నేనే అని చెప్పాను. "మై హూఁ, ఆంటీ."

ఆవిడ కళ్ళకి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. నా జుట్టు నిండా పొట్టు. 

"అచ్ఛా" అంది. "కర్ లే బేటా. కర్ లే." చేసుకో తల్లీ, చేసుకో అని.

తర్వాత దండెం మీంచి తడి బట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ కూర్చుని గీకసాగాను. ఖాళీ దండెం మీద పొట్టు రాలుతోంది.